రెండో ఇన్‌పుట్ పోయింది, మిడ్ నాబ్ వచ్చింది

నాది 1965 నాటి ఫెండర్ డీలక్స్ రివర్బ్, 22 వాట్ల ట్యూబ్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె). దీనికి ట్రెబుల్, బేస్ నాబ్‌లే ఉంటాయి. మిడ్, అంటే మధ్యస్థాయి శబ్దాల నాబ్, ఉండాల్సిన చోట లోపల విలువ మారని 6.8 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి తిష్ట వేసుక్కూర్చుంటుంది. ఒక్కణ్నే వాయించుకుంటే తీయగానే ఉంటుంది గానీ, డ్రమ్స్, బేస్ గిటార్ తోడైతే నా గిటార్ నాకే వినబడదు.

పాత ట్యూబ్ ఆంప్‌లు మాత్రమే చూసే ఒక మెకానిక్‌కి ఇచ్చాను. పేరు చెప్పను, ఎందుకో కింద తెలుస్తుంది.

"ప్యానెల్‌కి కొత్త రంధ్రం కొట్టను సార్" అన్నారు ముందే. ఈ ఆంప్‌కి నార్మల్, వైబ్రాటో అని రెండు ఛానెళ్లు, ఒక్కోదానికి రెండు ఇన్‌పుట్ జాక్‌లు. వైబ్రాటో ఛానెల్ రెండో ఇన్‌పుట్ జాక్ తీసేసి, ఆ రంధ్రంలోనే మిడ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే విలువ మారే రెసిస్టర్) బిగించారు. జాక్ మెడ, పాట్ మెడ రెండూ 3/8 అంగుళమే కాబట్టి అతికినట్టు కూర్చుంది. గిటార్ సిగ్నల్‌ని సగానికి తగ్గించే ఆ రెండో ఇన్‌పుట్ నేను వాడిందీ తక్కువే. అయితే జాక్ పీకేస్తే సరిపోదు. మొదటి జాక్‌లో కేబుల్ పెట్టినప్పుడు రెండు 68 కిలోఓమ్‌ల రెసిస్టర్లు ప్యారలల్‌గా పనిచేస్తాయి, అంటే విలువ సగమవుతుంది. ఆ కనెక్షన్ రెండో జాక్ స్విచ్ మీదుగా పోతుంది, జాక్ తీసేస్తే అది తెగిపోతుంది. ఆయన ఆ రెండూ తీసి 33 కిలోఓమ్‌లది ఒకటి వేశారు. ఈ చిన్న పని చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

పాట్ 25 కిలోఓమ్‌లది. మూడో వంతు లోపు తిప్పితే పాత డీలక్సే. సగం దాటిందా, గొంతు ముందుకొస్తుంది, శబ్దమూ పెరుగుతుంది. పూర్తిగా తిప్పితే బేస్, ట్రెబుల్ నాబ్‌ల మాట ఆంప్ పెద్దగా వినదు. నేనైతే ఆరు దాటను. వాల్యూమ్ పాట్ మీదుండి ట్రెబుల్‌ని ముందుకు తోసే 47 పికోఫారడ్ల బ్రైట్ కెపాసిటర్‌కి ఒక కాలు విప్పమన్నాను. తక్కువ వాల్యూమ్‌లో చెవిలో గుచ్చుకునే ఆ పదును పోయింది.

రెండు ఛానెళ్లూ కలిపి వాయించేలా ఫేజ్ సరిచేయమని కూడా అడగబోయాను. ఇందులో అవి ఒకదానికొకటి వ్యతిరేక ఫేజ్‌లో ఉంటాయి, అంటే ఒకదాని తరంగం పైకి లేస్తే రెండోదాని తరంగం కిందికి దిగుతుంది, కలిపితే శబ్దం పలచబడుతుంది. "ఎప్పుడైనా కలిపి వాయించారా?" అనడిగారు. లేదన్నాను. "మరెందుకండీ" అని వదిలేశారు. పని పెంచుకోని మెకానిక్‌ని చూడ్డం నాకిదే మొదలు.

ఇక ఫిర్యాదు. ఇంటికి తెచ్చిన రోజే మిడ్ నాబ్ తిప్పితే గరగర. కొత్త పాట్‌కి గరగరేమిటి? మళ్ళీ మోసుకెళ్ళాను, 19 కిలోలు మరి! తప్పు పాట్‌ది కాదు, పాత 0.047 మైక్రోఫారడ్ టోన్ కెపాసిటర్‌ది. అది లీకై, అది ఆపాల్సిన డీసీ (ఒకే దిశలో పోయే కరెంటు) పాట్ మీదకి వస్తోంది. కెపాసిటర్ మార్చాక గరగర పోయింది. అరవై ఏళ్ల ఆంప్ విప్పి టోన్ కంట్రోళ్లు ముట్టుకున్నప్పుడు మీటర్ పెట్టి చూడొద్దా? క్షమించమన్నారు, రెండోసారి డబ్బు తీసుకోలేదు. కానీ నా నడుముకి జవాబెవరు చెప్తారు?

తీసిన జాక్, రెసిస్టర్లు ఒక కవర్లో వేసి, పాత వైరింగ్ చేత్తో గీసిన కాగితం జతచేసి ఇచ్చారు. అది ఆంప్ వెనకే టేపుతో అంటించి ఉంచాను. ప్యానెల్ మీద మిడ్ నాబ్ దగ్గర ఇప్పటికీ "2" అనే ఉంది. మా బేసిస్ట్ మొన్న దాంట్లోకే కేబుల్ దూర్చబోయాడు.