మగ్గం వర్క్ సెంటరా, తండా కుట్టుపనా?

నల్గొండలో సూదిపని నేర్చుకోవాలంటే చాలామంది ముందు మగ్గం వర్క్ సెంటర్ వైపే చూస్తారు. పెళ్లిళ్ల సీజన్‌లో బ్లౌజులకు గిరాకీ ఉంటుంది మరి. ఫీజు కడితే చెయిన్ స్టిచ్, జర్దోసి, కుందన్ వరుసగా నేర్పిస్తారు. మగ్గం అనే చట్రానికి బిగించిన బట్టలోకి కొక్కెం ఉన్న ఆరి సూది పైనుంచి దిగుతుంది, బట్ట కింద ఎడమ చెయ్యి దారం అందిస్తుంది. రెండు చేతులకూ పొత్తు కుదరడానికే టైం పడుతుంది. మెడ, నడుం పట్టేస్తాయి కూడా.

దేవరకొండ వైపు లంబాడా తండాల్లో ఆడవాళ్లు కలిసి కూర్చుని కుట్టే చోట సంగతి వేరు. మగ్గం ఉండదు, బట్ట ఒళ్లోనే. మామూలు సూదితో, బట్ట మీద పెట్టిన చిన్న అద్దం బిళ్ల మీదుగా అడ్డంగా, నిలువుగా నాలుగు దారాలు బిగించి, వాటిని పట్టుకుని చుట్టూ అంచు కుట్టుకుంటూ పోతారు. జిగురుతో పనే లేదు. గవ్వలు ఆ తర్వాత. వాళ్లలో వాళ్లు గోర్ బోలీ, అంటే లంబాడీ భాష, మాట్లాడుకుంటుంటే మొదట్లో ఏం అర్థం కాదు. వాళ్ల చేతులు చూస్తే చాలు. సర్టిఫికెట్ మాత్రం అడక్కండి!

త్వరగా నాలుగు డబ్బులు రావాలంటే సెంటరే మేలు. పని మీద ఇష్టంతో వచ్చేవాళ్లకైతే నా ఓటు తండాకే. కాకపోతే పత్తి ఏరే రోజుల్లో వెళ్లకండి, ఎవరికీ తీరిక ఉండదు.