డిజియాత్ర: అమ్మతో వాడి చూశాక నా మాట

మా అమ్మ వేలిముద్రను మెషీన్లు ఒప్పుకోవు. పలాసలో చాలా ఏళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులు ఆమెవి. పిక్క తొక్కలోంచి కారే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ నూనెలో నాని నాని బొటనవేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. రేషను డిపోలో ఒక వేలు పెట్టి, అది పడక ఇంకో వేలు పెట్టి, కొంగుతో తుడుచుకుని మళ్ళీ మొదటి వేలే పెట్టి, వెనకవాళ్ళు విసుక్కుంటుంటే తల దించుకుని నిలబడేది. అందుకే "ముఖం చూపిస్తే చాలు, ఎయిర్‌పోర్టులో గేటు తెరుచుకుంటుంది" అని నేను డిజియాత్ర గురించి చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. ఇప్పుడు ఆమే చుట్టుపక్కలవాళ్ళకు చెబుతోంది. పెద్దవాళ్ళను విమానం ఎక్కించే పిల్లలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

యాప్ ఎలా దించుకోవాలి, సెల్ఫీ ఎక్కడ తీసుకోవాలి లాంటివన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైన ఈ సదుపాయం మన విశాఖకు 2024 సెప్టెంబరు 6న వచ్చింది. మా శ్రీకాకుళం ఎంపీయే పౌరవిమానయాన మంత్రి కావడంతో ఆ ప్రారంభోత్సవం గురించి మా వైపు బాగానే చెప్పుకున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకే నా ఫోన్‌లోనూ, అమ్మ ఫోన్‌లోనూ వేశాను. అప్పటినుంచి వాడుతున్నాం. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, నేను శ్రీకాకుళంలో ఉంటాను, అమ్మ పలాస వదిలి రానంటుంది. మోకాళ్ళ నొప్పులతో రాత్రంతా రైల్లో కూర్చోలేదు కాబట్టి విమానం అలవాటు చేశాం.

దీని గురించి ఎవరిని అడిగినా ఎన్ని నిమిషాలు కలిసొచ్చాయో చెబుతారు. నిజమే, కలిసొస్తాయి. కానీ నాకు ఇంతగా నచ్చడానికి కారణం అది కాదు. ఆ గేటు ఏమీ అడగదు. అమ్మకు విమానమంటే భయం లేదు. భయమంతా తలుపు దగ్గర యూనిఫాంలో నిలబడే జవానంటేనే. "ఆడేటి అడుగుతాడో, నానేటి సెప్పాలో. నాకు ఇందీ రాదు గదా" అని ఇంటి దగ్గర బయల్దేరినప్పటినుంచీ అదే టెన్షన్. నరసన్నపేట, రణస్థలం, భోగాపురం దాటుతున్నా అదే మాట. మొదటిసారి డిజియాత్ర గేటు ముందు నిలబెట్టి, బోర్డింగ్ పాస్ కోడ్ స్కాన్ చేసి, కెమెరా వైపు చూడమన్నాను. రెండు రెక్కలు తెరుచుకున్నాయి. లోపలికి వెళ్ళాక వెనక్కి తిరిగి "ఏటే, అంతేనా? నన్నెవులూ ఏటీ అడగనేదే!" అంది. ఆ ముఖం చూశాక, ఈ యాప్ చేసినవాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అక్కడిదాకా రావడానికి పడ్డ కష్టం కూడా చెప్పాలి. యాప్‌లో చేరడానికి వేలిముద్ర అక్కర్లేదు, ఓటీపీ వస్తే చాలు. ఆ ఓటీపీ ఆధార్‌కు కలిపిన నంబరుకే వస్తుంది. అమ్మ ఆధార్‌కు ఉన్నది నాన్న పాత నంబరు. ఆ సిమ్ ఎప్పుడో పోయింది. కొత్త నంబరు కలిపించడానికి ఆధార్ కేంద్రానికి వెళ్తే అక్కడ మళ్ళీ వేలు పెట్టమన్నారు. పడలేదు. చివరికి కంటిపాపతో పని జరిగింది. ఆ తర్వాత సెల్ఫీని పాత ఆధార్ ఫొటోతో పోల్చే దగ్గర ఒకటికి రెండుసార్లు కాదంది. వీధి గుమ్మంలో వెలుగు ముఖం మీద పడేలా కూర్చోబెడితే ఒప్పుకుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు పెట్టాలనుకుంటే టికెట్ కొనకముందే ఈ ఫోన్ నంబరు సంగతి చూడండి. ప్రయాణం ముందు రోజు మొదలుపెడితే కుదరదు.

ఒక విషయంలో మాత్రం నేను ఊహించని మేలు జరిగింది. సింహాచలంలో అమ్మకు తలనీలాల మొక్కు ఉండేది. ఆ మొక్కు తీర్చుకున్న కొద్ది రోజులకే హైదరాబాద్ ప్రయాణం పడింది. యాప్‌లో ఉన్నదేమో నిండు జుట్టుతో, ముడితో ఉన్న ముఖం. గేటు దగ్గర నిలబడ్డది గుండుతో, నెత్తిన కొంగు కప్పుకున్న మనిషి. ఆపేస్తుందనే అనుకుని కార్డు చేతిలో పట్టుకుని ఉన్నాను. కొంగు కొంచెం వెనక్కి జరపగానే తెరుచుకుంది. ఆధార్ ఫొటోలో ఉన్నది నువ్వేనా అని నాలుగుసార్లు తేరిపార చూసే మనుషులున్న చోట, ఆ కెమెరా అమ్మను ఇట్టే పోల్చుకుంది.

అయితే "ఇక సెక్యూరిటీ గొడవే లేదు" అని నేను మొదట్లో బంధువులందరికీ చెప్పిన మాటను కొంచెం సర్దుకోవాలి. ముఖం పనిచేసేది టెర్మినల్ తలుపు దగ్గర, తనిఖీ హాల్లోకి వెళ్ళే ముందు. అది దాటాక అందరితోపాటే మనమూ. అదే ట్రే, అదే లైను. ఆడవాళ్ళ తనిఖీకి తెర వెనక అదే నిరీక్షణ. అమ్మ నడుముకు తాళాలగుత్తి ఉంటుంది, అది తీయకుండా దర్వాజా దాటితే కుయ్యిమంటుంది. మనవడికని తెచ్చే జీడిపప్పు పొట్లాలకు సంచి విప్పి చూపించమంటారు. అక్కడ అడుగుతారు, హిందీలోనే అడుగుతారు. నేను పక్కన ఉంటే చెబుతాను. లేకపోతే చేతి సైగలే. అంటే అమ్మ భయం సగమే తగ్గింది. ఆ సగం కూడా తక్కువేమీ కాదు, మొదటి గుమ్మం దాటాక ఆమెకు ధైర్యం వస్తుంది. కానీ పూర్తిగా తీరిందని చెప్పలేను.

ఇక యాప్ మమ్మల్ని ఆపేసిన రోజు సంగతి. అమ్మ హైదరాబాద్ నుంచి ఒంటరిగా విశాఖ రావాలి. టికెట్ ఎప్పుడూ నేనే తీస్తాను. ఈసారి తమ్ముడికి తెలిసిన ఒక ఏజెంటు తక్కువలో ఇస్తానంటే అతనితో తీయించాడు. అమ్మ పేరు అప్పలనరసమ్మ. ఆధార్‌లో ఇంటిపేరు విడిగా లేదు, పేరుకు ముందు ఒక్క అక్షరం ఉంది, అంతే. మన వైపు పెద్దవాళ్ళలో చాలామందికి ఇంతే. టికెట్ ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే కుదరదు, ఒక్క అక్షరం వేస్తే తీసుకోలేదట. ఏజెంటు ఇంకేం ఆలోచించకుండా అసలు పేరునే రెండు గడుల్లోనూ కొట్టేశాడు. బోర్డింగ్ పాస్ మీద అప్పలనరసమ్మ అప్పలనరసమ్మ అని వచ్చింది. దాన్ని యాప్‌లో ఎక్కిస్తే పేరు కలవడం లేదని తిప్పికొట్టింది. ఆధార్‌లో ఉన్న పేరూ, టికెట్ మీది పేరూ ఒకటి కానప్పుడు ఆపడమే దాని పని కాబట్టి యాప్‌ను నేను తప్పుపట్టను. ఏజెంటు మీద కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు. డబ్బు తీసుకుని చేసే పనిలో ఒక ముసలావిడ పేరు సరిగ్గా కొట్టడానికి తీరిక లేకపోయిందా?

తమ్ముడు బయలుదేరే ద్వారం దగ్గర నిలబడి నాకు ఫోన్ చేశాడు. మళ్ళీ మళ్ళీ ఎక్కించి చూశాడు, అదే జవాబు. ఇక మామూలు లైనే దిక్కు. అమ్మ ఆధార్ కార్డు పలాసలో బీరువాలో ఉంది. విమానానికి ముఖం చాలని ఆమెకు అలవాటైపోయింది. తమ్ముడి వాట్సాప్‌లో కార్డు ఫొటో ఉంటే చూపించాడు. ఫొటో కుదరదు, ఆధార్ చూపించే ప్రభుత్వ యాప్‌లు డిజిలాకర్ గానీ ఎంఆధార్ గానీ ఫోన్‌లో తెరిచి చూపించమని జవాను చెప్పాడు. మొబైల్ ఆధార్‌ను ఎయిర్‌పోర్టు ప్రవేశానికి ఒప్పుకునే గుర్తింపుల్లో 2017లోనే విమానాశ్రయాల భద్రత నియమాలు చూసే బీసీఏఎస్ చేర్చింది కాబట్టి అతను అడిగింది సబబే. అమ్మ ఫోన్‌లో డిజిలాకర్ నేను పెట్టి ఉంచాను. కానీ దాని ఆరంకెల పిన్ తమ్ముడికి తెలియదు. నేను శ్రీకాకుళం నుంచి తమ్ముడి ఫోన్‌లో ఒక్కో అంకే చెబుతుంటే, వాడు అమ్మ ఫోన్‌లో నొక్కాడు. ఆధార్ తెరుచుకుంది.

జవాను అమ్మ ముఖం చూశాడు, ఫోన్ చూశాడు, టికెట్ చూశాడు. ఒకే పేరు రెండుసార్లు వేశారే అని నవ్వి లోపలికి పంపించేశాడట. అమ్మ ఎవరిని తలుచుకుని దారిపొడవునా భయపడేదో అలాంటి మనిషే, పొరపాటు ఎక్కడ జరిగిందో ఒక్క చూపులో అర్థం చేసుకున్నాడు. ఏమీ అడగదని నేను ఇంతగా మెచ్చుకున్న గేటు ఆ రోజు మా మాట వినే దారి లేదు. ఆ మెప్పును వెనక్కి తీసుకోవడం లేదు గానీ, పక్కన మనుషుల లైను ఎప్పటికీ ఉండాలని మాత్రం గట్టిగా కోరుకుంటున్నాను.

లోపలికి వెళ్ళాక తమ్ముడు తోడు లేడు. తనిఖీకి ముందు మళ్ళీ గుర్తింపు కార్డు అడిగారు. అప్పటికి ఫోన్ లాక్ అయిపోయింది, డిజిలాకర్ మళ్ళీ పిన్ అడుగుతోంది. ఇక్కడ శ్రీకాకుళంలో నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. బయట తమ్ముడికీ ఏమీ తెలియడం లేదు. కాసేపటికి ఆమే ఫోన్ చేసి విమానం దగ్గర కుర్చీలో కూర్చున్నానని చెప్పింది. తమ్ముడు నొక్కుతున్నప్పుడు పక్కనుంచి చూసి ఆ ఆరంకెలూ గుర్తుపెట్టుకుందట. జవాను ముందే తనే నొక్కి తెరిచి చూపించిందట. "అంకెలే గదా, నాకు రావా ఏటి?" అంది. జీడి బట్టీలో కిలోల లెక్కన కూలి కట్టించుకున్న మనిషికి ఆరంకెలు గుర్తుపెట్టుకోవడం ఒక లెక్కా! ఆ రోజు నాకు అమ్మ మీద కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఆ తర్వాత కొన్ని మార్చుకున్నాం. టికెట్ ఎవరు తీసినా పేరు ఆధార్‌లో ఉన్నట్టే పడిందో లేదో డబ్బు కట్టకముందే నాకు పంపించి చూపించాలి. యాప్‌లో బోర్డింగ్ పాస్ ఇంటి దగ్గరే ఎక్కించి చూస్తాం, దారిలో కాదు. కార్డు కూడా అమ్మ పర్సులో ఉంటుంది. ఆధార్‌లోనే ఇంటిపేరు పూర్తిగా రాయించేద్దామని తమ్ముడు అన్నాడు. పేరు మార్పుకు జీవితంలో 2 సార్లే అవకాశం ఇస్తారు. అది మారిస్తే బ్యాంకు ఖాతా, పట్టాదారు పాసుపుస్తకం, రేషను కార్డు అన్నీ మళ్ళీ సరిచూసుకోవాలి. విమానం కోసం అంత కదపడం నాకు ఇష్టం లేక వద్దన్నాను. ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉన్న మన వాళ్ళందరికీ ఇది నిజమైన ఇబ్బంది. టికెట్ ఫారాలు చేసేవాళ్ళు దీన్ని పట్టించుకోవాలి.

ముఖం వివరాలు ఎక్కడికి పోతాయని మా ఆయన అడుగుతుంటారు. దీన్ని నడిపే డిజియాత్ర ఫౌండేషన్ చెప్పేదాని ప్రకారం అవి మన ఫోన్‌లోనే ఉంటాయి. ప్రయాణానికి ముందు ఆ ఎయిర్‌పోర్టుకు మాత్రమే వెళ్తాయి, విమానం కదిలిన 24 గంటల్లో అక్కడ చెరిపేస్తారు. ఇది వాడి తీరాలనే నియమం కూడా లేదు. నేను ఆ మాట నమ్మి వాడుతున్నాను. మా ఆయన నమ్మక కార్డుతోనే వెళ్తారు. ఇద్దరం ఒకే విమానం ఎక్కుతాం.

నా మట్టుకు నేను దీన్ని వదలను. కానీ అది మా ఇంటి పరిస్థితిని బట్టి. అమ్మ వేళ్ళు పడవు, హిందీ రాదు, హైదరాబాద్ ప్రయాణాలు తరచుగా ఉంటాయి, ఫోన్‌లో అన్నీ సర్దిపెట్టడానికి నేనున్నాను. ఏడాదికి ఒకసారి వెళ్ళేవాళ్ళకు కార్డు చేతిలో పట్టుకుని మామూలు లైన్లో నిలబడటమే సులువేమో. ఆరోగ్యం బాగుంటే పలాసలో ఫలక్‌నుమా ఎక్కి నేరుగా సికింద్రాబాద్‌లో దిగొచ్చు, ఈ గేట్లేవీ అక్కర్లేదు. గల్ఫ్ వెళ్ళే మా వైపు కుర్రాళ్ళకూ ఇది పనికిరాదు, దేశం లోపలి విమానాలకే. పండగ తర్వాత పెద్దమ్మను హైదరాబాద్ తీసుకెళ్ళాలి. ఆవిడ ఆధార్‌కు ఏ ఫోన్ నంబరూ కలపలేదు, కలిపించుకునే ఓపికా లేదంటోంది. ఆవిడకు కార్డే. నేనూ ఆవిడతోపాటు మామూలు లైన్లోనే నిలబడతాను.