పిప్పి పన్ను: పీకించుకోవడమా, రూట్ కెనాలా?

దవడ పన్ను సలుపుతో రాత్రంతా నిద్ర లేనివాళ్లు పొద్దున్నే డాక్టర్ దగ్గర అనే మొదటి మాట "పీకేయండి". ఆ బాధ అలాంటిది. కానీ ఏం చేయాలన్నది నొప్పిని బట్టి కాదు, పన్ను ఇంకా ఎంత మిగిలిందో ఎక్స్‌రేలో చూసి తేల్చుకోవాలి.

చల్లనీళ్లకి జివ్వుమని క్షణాల్లో తగ్గిపోతే, పుచ్చు ఇంకా లోపలి నరాన్ని పాడుచేయలేదనుకోవచ్చు. చాలావరకు సిమెంటు నింపితే చాలు. నిమిషాల తరబడి లాగుతూ, వేడి కాఫీకి ఎక్కువై, పడుకుంటే పోటెత్తుతుంటే మాత్రం ఆ నరం ఇక కోలుకోవడం కష్టం. అసలు ప్రశ్న అప్పుడే వస్తుంది.

పీకించుకుంటే ఒక్క పూటలో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. ఆ తర్వాతి సంగతి ఎవరూ అడగరు. ఖాళీలోకి పక్క పళ్లు వాలతాయి, ఎదురు పన్ను దిగుతుంది, అక్కడి ఎముక అరిగిపోతుంది. మళ్లీ పన్ను కావాలంటే, బ్రిడ్జి (పక్క పళ్ల ఆసరాతో కట్టే పన్ను) కోసం పక్కనున్న రెండు మంచి పళ్లను అరగదీయాలి, లేదా ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టించుకోవాలి. అది తరచూ రూట్ కెనాల్ కంటే ఎక్కువ ఖర్చే. (పై పన్ను పీకిస్తే చూపు తగ్గుతుందన్న భయం మాత్రం వద్దు. చూపు నరం వేరు, పంటి నరం వేరు.)

రూట్ కెనాల్‌కి ఓపిక కావాలి. మత్తిచ్చి, పాడైన నరం తీసి, వేర్లలోని సన్నని కాలువలన్నీ శుభ్రం చేసి మూసేస్తారు. కింది దవడ మొదటి పెద్ద పన్నుకి సాధారణంగా మూడు కాలువలు, కొందరికి నాలుగు. ఒకటి వదిలేసినా నొప్పి తిరిగి రావచ్చు. నొప్పి పోయిందని పంటిపైన క్యాప్ (తొడుగు) వేయించుకోకుండా ఆగిపోతారు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. లోపల డొల్లయిన దవడ పన్ను గట్టి చెక్కలు కొరికినా చీలిపోవచ్చు. అప్పుడు పీకించక తప్పదు.

పన్ను గట్టిగా ఉంటే నా ఓటు రూట్ కెనాల్‌కే. వేరు నిలువునా చీలినా, చిగురు వ్యాధితో పన్ను బాగా ఊగుతున్నా, అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతం పదే పదే బాధపెడుతున్నా పీకించడమే మేలు. డబ్బే అడ్డమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో ఒకసారి అడగండి.

ఇక మెడికల్ షాపులో అమోక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ కొనుక్కుని వాయిదా వేయడం అన్నిటికంటే చెడ్డ దారి. అది నరం వాపు నొప్పిని తగ్గించదు. లవంగ నూనెలోని యూజినాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అంతవరకే. చికిత్స లేకుండా నొప్పి దానంతటదే ఆగితే, చాలాసార్లు నరం చచ్చిపోయి వేరు కొస దగ్గర చీము మొదలవుతోందని అర్థం. వాపు దవడ కిందికో మెడకో పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.