సీఎంసీ కంటి చుక్కలు: ఆరు నెలల వాడకంలో తెలిసినవి

నేను ప్రూఫులు దిద్దే పని చేస్తాను; రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కంప్యూటరు ముందే గడుస్తాయి. నిరుటి వేసవిలో సాయంత్రమయ్యేసరికి కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, మంట, ఆపైన ఆగకుండా నీరు కారడం మొదలయ్యాయి. అంత నీరు కారుతున్న కళ్లు పొడిబారాయంటే మొదట నమ్మలేకపోయాను. కంటి డాక్టరు గారు సన్నని కాగితపు పట్టీ కొసను మడిచి కింది రెప్ప లోపల తగిలించి, ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమని, తర్వాత తీసి చూపించారు. తడి ఏడు మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయింది; కనీసం పది దాటాలట. మంట పుట్టినప్పుడు కారే నీరు చెంప మీదికి జారిపోతుందే గాని, నల్లగుడ్డును అంటిపెట్టుకుని కాపాడే పొరగా నిలవదని వివరించి, సీఎంసీ 0.5 శాతం చుక్కలు రోజుకు నాలుగుసార్లు వేసుకోమని రాశారు.

సీఎంసీ అంటే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్. నీటికన్నా కాస్త చిక్కగా ఉండి కంటి మీద నిలుస్తుంది. వేసిన నిమిషంలోపే గరగర తగ్గుతుంది. కొన్ని క్షణాలు చూపు మసకబారి, రెండు మూడుసార్లు రెప్పలార్పగానే తేటపడుతుంది. నాకు ఆ ఉపశమనం గంట, గంటన్నర నిలిచేది. ఇదే మందు 1 శాతంలోనూ దొరుకుతుంది గాని, అది మరింత చిక్కన, మసక ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి పడుకునే ముందు వేసుకోవడానికే బాగుంటుంది. రెండు కంపెనీల సీసాలు వాడాను. మందు పనిలో నాకు తేడా కనిపించలేదు, సీసాలోనే తేడా అంతా. ఒకటి మెత్తగా నొక్కితే ఒక్క చుక్క రాలుతుంది. రెండోది గట్టి ప్లాస్టిక్కు కావడంతో బలంగా నొక్కాల్సి వచ్చి, రెండు మూడు చుక్కలు ఒకేసారి పడి చెంప మీదికి కారిపోయేవి. కంటిలో ఒక్క చుక్క పూర్తిగా ఇమడడమే కష్టం, మిగిలిందంతా వృథా. మూత తెరిచిన నెల రోజులకు, మందు మిగిలినా సరే, సీసా పారేయాలి. అందుకే తెరిచిన తేదీని దాని మీద పెన్నుతో రాసి పెట్టుకుంటున్నాను. రోజుకు నాలుగుసార్లకు మించి అవసరమయ్యేవారు ప్రిజర్వేటివ్ లేని, ఒక్కసారి వాడి పారేసే చిన్న గొట్టాల గురించి డాక్టరును అడగడం మంచిది. చుక్కలు పాడవకుండా కలిపే మందులు, ముఖ్యంగా బెంజాల్కోనియం క్లోరైడ్, తరచుగా వేస్తే ఆ కంటికే చికాకు కలిగిస్తాయి.

ఇంత పనిచేసే మందు నాకు గంటన్నరకే ఎందుకు చాలకుండా పోతోందన్న ప్రశ్నకు జవాబు సీసాలో కాక, నా రోజువారీ అలవాట్లలో దొరికింది. మామూలుగా మనిషి నిమిషానికి పదిహేనుసార్ల వరకు రెప్పలార్పుతాడు. తెర మీద దృష్టి నిలిపినప్పుడు అది సగానికి, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. ఒత్తులూ పొల్లులూ వెతుకుతూ కూర్చునే నా పనిలో ఇది మరీ ఎక్కువ. వేసిన రెప్ప కూడా సగం దాకా దిగి ఆగిపోతోందని, కళ్ల అడుగుభాగమే ఎక్కువగా ఎండుతోందని డాక్టరు గారు రంగు వేసి నీలికాంతిలో చూసి చెప్పారు. ఇప్పుడు పేజీ మారిన ప్రతిసారీ కళ్లు పూర్తిగా మూసి తెరుస్తున్నాను. ఎత్తుగా ఉన్న తెరను కిందికి దించాను. చూపు కిందికి వాలితే రెప్ప కూడా వాలి, గాలి తగిలే మేర తగ్గుతుంది.

రాత్రంతా సీలింగు ఫ్యాను కిందే పడుకునేదాన్ని, స్కూటీ మీద ఉక్కపోతకు ఓర్చలేక హెల్మెట్ అద్దం పైకెత్తి నడిపేదాన్ని. తలగడను మంచం రెండో కొసకు మార్చి, అద్దం దించుకున్న వారంలోనే పొద్దున లేవగానే ఉండే మంట తగ్గింది. మానడానికి మనసొప్పనిది కాటుక. రెప్పల అంచున వరుసగా ఉండే నూనె గ్రంథుల నోళ్లను అది పూడ్చేస్తుంది. ఆ నూనె పొర లేకపోతే కన్నీరు త్వరగా ఆవిరైపోతుంది. లోపలి అంచున దిద్దడం మానేసి, వెంట్రుకలకు వెలుపల సన్నగా గీసుకుంటున్నాను. జలుబు చేసినప్పుడల్లా నా అంతట నేనే వేసుకునే సెట్రిజిన్ బిళ్ల కూడా కన్నీటిని తగ్గించగలదని తెలిశాక, అడగకుండా వేసుకోవడం లేదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. డాక్టరు దగ్గరికి వెళ్లకముందు, మందుల షాపులో ఎర్రదనం పోగొట్టే చుక్కలు ఇస్తే రెండు వారాలు వాడాను. అవి రక్తనాళాలను కుదించి కాసేపు కన్ను తెల్లగా కనిపించేలా చేస్తాయే తప్ప పొడిదనాన్ని తీర్చవు. మానగానే ఎరుపు మునుపటికన్నా ఎక్కువగా తిరిగొచ్చింది. రెండు రకాల సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, కాబట్టి కొనేటప్పుడు డబ్బా మీద మందు పేరు చదవండి.

సీఎంసీ చుక్కలకు నేను ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన ఒక్క మార్కూ ఆ గట్టి సీసాకే. మొదట్లో నాలుగుసార్లు వేసినా చాలనిది, ఇప్పుడు మధ్యాహ్నం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి వేసుకుంటే సరిపోతోంది.