హంట్స్‌మన్ 28: ఎదురు అలల్లో హాయి, వేగం తగ్గితే అవస్థ

ఇంగ్లండులో తయారైన పాత చెక్క మోటారు పడవ ఫెయిరీ హంట్స్‌మన్ 28ను కొనేవారిలో చాలామంది దాని అందం చూసి కొంటారు. నేనూ ఆ అందానికి లొంగినవాడినే. అయితే ఇన్ని వేసవులు గడిచాక, మరమ్మతుల బిల్లులు ఇన్ని చూశాక కూడా అమ్మకుండా ఉంచుకున్నది ఒకే కారణంతో: ఎదురుగాలిలో, అల మీద నుంచి అల మీదికి, ఈ పడవ దిగే తీరు కోసం. పొడవు, వెడల్పు, ఇంజన్ల రకాలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి పోను.

నేను సౌతాంప్టన్‌లో మత్తు వైద్యుడిని. పడవను హాంబుల్ నదిలో, అంటే అది తయారైన చోటే, కట్టి ఉంచుతాను. అక్కడి నుంచి, ఇంగ్లండు దక్షిణ తీరానికీ వైట్ దీవికీ మధ్య ఉన్న సోలెంట్ జలసంధి పడమటి కొస వరకు నీరు చాలా రోజుల్లో మాట వింటుంది. హర్స్ట్ కోట దాటి, నీడిల్స్ తెల్లరాళ్ల పక్కగా బయటపడ్డాకే అసలు సముద్రం. అక్కడ స్వానేజ్ దిక్కుకు తిరిగితే, ఆ తీరంలో ఎక్కువగా వీచే నైరుతి గాలి దాదాపు ముఖానికే తగులుతుంది. గాలి బలాన్ని చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో 5 దాకా గాలి లేచిన రోజున అలలు మరీ పెద్దవి కావు, మనిషి ఎత్తు ఉంటాయేమో. కానీ దగ్గరదగ్గరగా, నిటారుగా వస్తాయి. అలాంటి నీటిలో ఇదే పొడవున్న కొత్త క్రూయిజర్లు వేగం సగానికి తగ్గించుకుని, అయినా ప్రతి అలకూ దబ్బున పడుతూ వెళ్లడం చూశాను. ఈ పడవ 17, 18 నాట్ల (గంటకు 30 కి.మీ. పైగా) వేగంతో, తడిసిన దుక్కిలో నాగలి కర్రు దిగినట్టు, చప్పుడు లేకుండా దిగుతుంది. మొదటిసారి పెద్ద అల మీద నుంచి గాలిలోకి లేచినప్పుడు నేను మోకాళ్లు బిగించి, పళ్లు కరుచుకుని దెబ్బ కోసం ఎదురుచూశాను. రావలసిన దెబ్బ రాలేదు.

దీనికి కారణం అడుగు ఆకారం. మామూలు వేగపు పడవల అడుగు ముందు కోసుగా మొదలైనా వెనక్కి వెళ్లేకొద్దీ చదునవుతుంది, ఎందుకంటే చదునైన అడుగుకు నీటిపైకి తేలడం సులువు. అమెరికన్ రూపకర్త రే హంట్ అడుగు రెండు పక్కలా పైకి వాలే కోణాన్ని, సుమారు 24 డిగ్రీలను, వెనుక అంచు దాకా తగ్గకుండా ఉంచి, పొడవునా సన్నని పట్టీలు అతికించాడు. కోణం వల్ల పడవ నీటిలోకి ఒక్కసారిగా కాక క్రమంగా దిగుతుంది. ఆగడానికి పట్టే సమయం పెరిగితే దెబ్బ తగ్గుతుంది. పట్టీలు తుంపరను పక్కలకు విసిరి కొంత ఎత్తును ఇస్తాయి. 1960లో మయామీ నుంచి నసావుకు జరిగిన పందెంలో ఇలాంటి అడుగున్న మోపీ అనే పడవ, ఎనిమిది అడుగుల అలల్లో, 8 గంటల్లో గమ్యం చేరింది. రెండవదిగా వచ్చినదీ హంట్ గీసిన అడుగే. మూడవ పడవ వచ్చేసరికి మరుసటి రోజయింది.

ఆ అడుగునే ఇంగ్లండులో ఫెయిరీ మెరైన్ అందుకుంది. విమానాలు కట్టిన చేతులు కనుక, పలుచని చెక్క పొరలను ఐమూలగా పరిచి, జిగురు పట్టించి, పెద్ద ఆవిరి పాత్రలో వేడితో, ఒత్తిడితో కలిపివేసే యుద్ధకాలపు పద్ధతినే పడవలకూ వాడారు. హంట్ గీతలను ఫెయిరీ రూపకర్త ఆలన్ బర్నార్డ్ సవరించి పెంచగా హంట్స్‌మన్ వచ్చింది. 1961లో మొదలైన కౌస్-టార్కీ సముద్రపు పడవ పందెంలో ఈ పడవలు ఏళ్ల తరబడి పాల్గొన్నాయి. అయినా గోడల మీది బొమ్మల్లో కనిపించేది ఇటలీ పడవ రీవా, కుర్రవాళ్ల నోట వినిపించేది డాన్ అరోనో 1969లో పెట్టిన సిగరెట్ అనే వేగపు పడవల సంస్థ. గెలుపు కన్నా గమ్యం చేరడంలో పేరు తెచ్చుకున్న పడవను బ్రిటన్ బయట పట్టించుకున్నవారు తక్కువ. డీప్-వీ అని పిలిచే ఈ లోతైన కోణపు అడుగుకు ఆ రోజుల్లో ఎదురు నిలిచిన డెల్టా అడుగుల రూపకర్త సానీ లెవీ ఇటలీకి వెళ్లక ముందు బొంబాయిలో పడవలు గీసినవాడని, ఆయన పడవ ఎ'స్పెరాంజియెల్లా 1963లో కౌస్-టార్కీ గెలిచిందని తెలిసినప్పుడు మాత్రం, నా పడవకు ప్రత్యర్థి అయినా, నాకు ముచ్చట వేసింది.

దెబ్బ తగలదని పైన రాసిన మాట, గాలి సూటిగా ఎదురైనప్పుడే పూర్తిగా నిలుస్తుంది. గాలి ముప్పై, నలభై డిగ్రీలు పక్కగా తగిలితే అది ముక్కును అవతలికి నెడుతుంది. దారి తప్పకుండా చుక్కానిని గాలి వైపు తిప్పి పట్టాలి, ఆ చుక్కాని పడవను గాలి వైపే ఒరిగిస్తుంది. ఒరిగిన డీప్-వీకి ఆ పక్క ఏటవాలు పోయి, అడుగు నీటికి దాదాపు చదునుగా ఎదురవుతుంది. అప్పుడు పడే దెబ్బ మామూలు పడవలో పడే దెబ్బకేమీ తీసిపోదు. పాత యజమాని వెనుక అంచున అమర్చిన ట్రిమ్ ట్యాబులు, అంటే పైకీ కిందికీ కదిలే పలకలు, ఇక్కడ అక్కరకు వస్తాయి: గాలి వైపు ట్యాబును కాస్త కిందికి దించితే ఆ పక్క లేచి పడవ నిటారవుతుంది. గాలి మారినప్పుడల్లా మార్చుకుంటూ ఉండాలి, మరిచిపోతే నడుము గుర్తుచేస్తుంది. పైగా ఇది బాగా తడిపే పడవ. పట్టీలు ఎంత విసిరినా, పక్కగాలి ఆ తుంపరను తెచ్చి మన మీదే పోస్తుంది.

ఇక అసలు సంగతి. ఒక సెప్టెంబరులో వేమత్ నుంచి తిరిగి వస్తున్నాం. హైదరాబాదు నుంచి వచ్చిన మా బావగారు కూడా ఉన్నారు. గాలి వెనుక నుంచే కనుక ఇబ్బంది లేదనుకున్నాం. సెయింట్ ఆల్బన్స్ హెడ్ దగ్గర సముద్రపు అడుగున ఉన్న గట్టు మీదుగా ప్రవాహం పొర్లుతూ నీటిని కలియబెడుతుంది కనుక తీరానికి దూరంగా చుట్టి వచ్చాం. అయినా అరగంటసేపు పడవ అన్ని దిక్కులకూ ఊగింది. తరువాత నీడిల్స్ కనిపించే దూరంలో ఎడమ ఇంజన్ వేగం పడిపోయింది, కోలుకుంది, మళ్లీ పడిపోయింది, ఆగిపోయింది.

ఇది గరుకు నీరే తెచ్చిపెట్టే జబ్బు. డీజిల్ ట్యాంకు అడుగున చేరే కొద్దిపాటి నీటిలో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగట తయారవుతుంది. నీరు నెమ్మదిగా ఉన్నంతకాలం అది అడుగునే పడి ఉంటుంది, ఇంజన్‌కు ఏమీ తెలియదు. పడవ గట్టిగా ఊగిన రోజునే అది లేచి ఫిల్టరును మూసేస్తుంది. అంటే ఇంజన్ ఎక్కడ ఆగకూడదో అక్కడే ఆగుతుంది.

ఒక్క ఇంజన్ మీద హంట్స్‌మన్ నీటిపైకి తేలి పరుగెత్తలేదు. వేగం 7 నాట్లకు పడింది, అంతవరకు మేము దాటుతూ వచ్చిన అలలు ఇప్పుడు మమ్మల్ని దాటడం మొదలుపెట్టాయి. ప్రతి అలా వెనుకభాగాన్ని ఎత్తి పక్కకు తోస్తుంది, లోతైన ముక్కు నీటిని పట్టుకుని అటే తిరగబోతుంది, చక్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూనే ఉండాలి. పడవ ఒక పక్కకు ఒరిగి, అక్కడే కాసేపు ఆలోచించుకుని, రెండో పక్కకు ఒరుగుతుంది. పరుగులో హాయినిచ్చే ఆ కోణమే నెమ్మదిలో పట్టు ఇవ్వదు. అప్పటిదాకా కబుర్లు చెబుతున్న బావగారు కడ్డీని రెండు చేతులా పట్టుకుని, "ఏమయ్యా, ఇంతసేపూ వచ్చిన పడవేనా ఇది?" అన్నారు.

అప్పటికి ఆటు మొదలైంది. నీడిల్స్ కాలువలో నైరుతికి పోయే నీరు నైరుతి గాలిని ఢీకొంటే అలలు గోడల్లా నిలబడతాయి. హర్స్ట్ దగ్గర ప్రవాహం 4 నాట్లు దాటుతుంది. కుడి ట్యాంకు కూడా అదే వయసుది. షింగిల్స్ తిన్నెకు ఇవతల, హాంప్‌షైర్ తీరం వెంబడి ఉన్న ఉత్తరపు కాలువ వైపు తిప్పాను. చక్రం బావగారికి అప్పగించి ఇంజన్ మూత తెరిచాను. ఇంధనపు కుళాయి మూసి, ఫిల్టరు మార్చి, పాత డీజిల్ ఇంజన్ కనుక చేతి పంపుతో గాలి అంతా బయటికి తీయాలి. రేవులో పావుగంట పని. ఆ ఊగులో, డీజిల్ వాసనలో, పడిపోయిన మరను వెతుక్కుంటూ చేసిన ఆ పనికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఇంజన్ అందుకుని, రెండు థ్రాటిళ్లూ ముందుకు తోసిన కాసేపటికే పడవ లేచి నిలబడింది, ఊగు ఆగింది, హర్స్ట్‌ను ఎప్పటిలాగే దాటాం. బావగారు మళ్లీ కబుర్లలో పడ్డారు.

ఆ వసంతంలోనే ఒక మరమ్మతు కేంద్రం ట్యాంకులు శుభ్రం చేశామని నా దగ్గర మంచి సొమ్మే తీసుకుంది. తీరా చూస్తే ట్యాంకు లోపల డీజిల్ ఊగకుండా పెట్టిన అడ్డుగోడలున్నాయి, చెయ్యి పెట్టే మూతలు లేవు. గొట్టం అందినంతమేర పీల్చి ఊరుకున్నారు, గోడల అవతలి మురికి అలాగే ఉంది. వేరేచోట ప్రతి గదికీ ఒక మూత కోయించాను, ఇంజన్ ఆపకుండా ఒకదాని నుంచి మరొకదానికి మార్చుకునే జంట ఫిల్టర్లు పెట్టించాను. ఆ తరువాత ఆ బాధ లేదు. ఈ పాత పడవల్లో దేన్ని చూడబోయినా ముందు ట్యాంకు మూతలు అడగండి, వార్నిష్ తరువాత చూడవచ్చు.

మరి కొనవచ్చా అంటే, నా పరిస్థితి వేరు. రేవు మా ఇంటికి దగ్గర, శీతాకాలంలో కప్పు కింద ఉంచే చోటు దొరికింది, చెక్క పని తెలిసిన మేస్త్రి నదికి అవతలి గట్టునే ఉన్నారు, గాలి నచ్చకపోతే ఆ రోజు మానుకోగలిగిన ఉద్యోగం. రాత్రుళ్లు లంగరు వేసి పిల్లలతో పడవలోనే పడుకోవాలనుకునేవారికి దీని ఊగు నచ్చదు. మా ఇంట్లోనే ఒకరికి నచ్చదు, అందుకే లంగరు మానేసి రేవుకే చేరుతున్నాం. నెమ్మదిగా తిరగాలనుకునేవారికైతే అసలు వద్దు. వారాంతాల్లో రేవు నుంచి రేవుకు, గాలికి ఎదురైనా సరే, వేగంగా వెళ్లి రావాలనుకుంటే మాత్రం ఒకసారి నడిపి చూడమంటాను. చెక్క నిర్వహణకు భయపడేవారు అదే ఫెయిరీ వారి గ్లాస్‌ఫైబర్ స్పియర్‌ఫిష్‌ను కూడా చూడవచ్చు, కాకపోతే దాన్ని నేను ప్రశాంతమైన నీటిలోనే నడిపాను కనుక ఎదురు అలల్లో ఎలా దిగుతుందో దాని యజమానులే చెప్పాలి.