బీవర్ తోళ్లు కొనేవాళ్లకు జాగ్రత్త: ‘ప్రైమ్ వింటర్’ అని చెప్పి ఎండాకాలం తోళ్లు అంటగడుతున్నారు

మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ వైపు ఉంటూ చలికాలానికి టోపీలు, మిట్టెన్లు (చేతి తొడుగులు) సొంతంగా కుట్టుకునే మనవాళ్లు తక్కువే అయినా ఉన్నారు. ఈ పోస్ట్ వాళ్ల కోసం. నేను ఆన్‌లైన్‌లో బీవర్ (వాగుల్లో ఆనకట్టలు కట్టే బొచ్చు జంతువు) తోళ్లు కొని మోసపోయాను. అమ్మినవాడి పేరు రాయను, ఎలాగూ ఈపాటికి మార్చేసి ఉంటాడు. పద్ధతి మాత్రం చెబుతాను, గుర్తుపట్టండి.

ప్రకటనలో ఉన్నది ఇది: మూడు బీవర్ తోళ్లు, ఒక ఆటర్ (నీటికుక్క) తోలు, అన్నీ ట్యాన్ చేసినవి, అంటే కుళ్లకుండా శుద్ధి చేసినవి. బీవర్లు ‘ప్రైమ్ వింటర్, బ్లాంకెట్ సైజు’, అంటే బొచ్చు పూర్తిగా పెరిగిన చలికాలం తోళ్లు, పెద్ద సైజువి. ధర మామూలు రేటుకు దగ్గరగానే ఉంది, కాబట్టి చవకగా ఇచ్చేవాళ్లే మోసం చేస్తారని అనుకోకండి. ఫోటోలన్నీ బొచ్చు వైపు నుంచి తీసినవే, మంచి వెలుతురులో, దువ్వి మరీ.

పార్శిల్ విప్పి బొచ్చు మీద గట్టిగా ఊదితే తెల్లటి చర్మం కనబడింది. చలికాలం బీవర్ అయితే ఊదినా అడుగు కనబడదు. పైన పొడుగాటి ముతక వెంట్రుకలు, వాటి కింద దూదిలాంటి దట్టమైన లోపలి బొచ్చు ఉంటుంది. టోపీ వెచ్చగా ఉండేది ఆ లోపలి బొచ్చు వల్లే. ఒకప్పుడు యూరప్‌లో ఫెల్ట్ టోపీలు చేసిందీ, 1670లో బొచ్చుతోళ్ల వ్యాపారానికి హడ్సన్స్ బే కంపెనీ పుట్టిందీ దాని కోసమే. నాకు వచ్చిన వాటిలో పై వెంట్రుకలు ఉన్నాయి, కింద సరుకు లేదు.

‘సీజన్‌లో పట్టినవే’ అన్నాడు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మిన్నెసోటా ఉత్తర భాగంలో బీవర్ సీజన్ (చట్టం పట్టనిచ్చే కాలం) అక్టోబర్ చివర్లో మొదలై మే దాకా నడుస్తుంది. మొదట్లో పట్టిన జంతువుకి బొచ్చు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. తోలు బాగా తయారయ్యేది నడి చలికాలం నుంచి మార్చి దాకా. ఆ తర్వాత మంచు కరిగి బీవర్లు కొత్త చోట్లు వెతుక్కుంటూ కొట్టుకుంటాయి కాబట్టి తోలు నిండా పంటిగాట్లు. అంటే చట్టప్రకారం పట్టింది వేరు, ప్రైమ్ వేరు. నా అనుమానం ఇంకో అడుగు ముందుకు పోతుంది. రోడ్ల కింద తూములకు అడ్డంగా ఆనకట్టలు కడుతున్నాయని ఎండాకాలంలో కూడా బీవర్లను తీయిస్తారు. ఆ తోళ్లకు ట్రాపర్ల (ఉచ్చులు పెట్టి జంతువులను పట్టేవాళ్లు) దగ్గర విలువ లేదు. వాటినే ట్యాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెడుతున్నట్టుంది.

తెలుసుకునే దారి ఒకటుంది. బొచ్చు పెరుగుతున్నంత కాలం రంగు చర్మంలో ఉంటుంది కాబట్టి పచ్చితోలు లోపలివైపు నీలంగా, నల్లగా కనిపిస్తుంది. పెరుగుదల పూర్తయ్యాక ఆ రంగు వెంట్రుకల్లోకి పోయి చర్మం శుభ్రంగా మీగడ రంగుకి వస్తుంది. ట్యానింగ్ అయ్యాక ఈ తేడా అంత స్పష్టంగా తెలియదు. అందుకే ట్యాన్ చేయక ముందు, బోర్డు మీద సాగదీసి ఉన్నప్పటి లోపలివైపు ఫోటో అడగండి. లేదంటే ఊదుతూ తీసిన వీడియో అయినా అడగండి. రెండూ కుదరవంటే వదిలేయండి.

సైజు సంగతి. బీవర్‌ని పొడవు, వెడల్పు అంగుళాల్లో కొలిచి రెండూ కలుపుతారు. మొత్తం 65 దాటితే బ్లాంకెట్. నాకొచ్చిన వాటిలో పెద్దది 58. ట్యానింగ్‌లో కుదించుకుపోతుందన్నాడు. కుదించుకోవడం నిజమే కానీ మరీ అంత కాదు. ఇంకొందరు దీనికి ఉల్టాగా, కొలత పెరగాలని బోర్డు మీద అతిగా లాగేస్తారు. అప్పుడు అంగుళాలు పెరుగుతాయి, బొచ్చు పలచబడుతుంది.

రెండో తోలు అంచు తడిపి ఆరనిచ్చాను. అప్పడంలా బిగుసుకుపోయింది. పటికతో పైపైన చేసిన పని అది, మంచులో తడిస్తే ఆ మిట్టెన్ పనికిరాదు. మూడోదాని పొట్ట దగ్గర వెంట్రుకలు వేళ్లతో లాగితే కుచ్చులుగా ఊడి వచ్చాయి. చంపిన తర్వాత వేడిలో వదిలేస్తే తోలు కుళ్లడం మొదలై ఇలా అవుతుంది. ‘స్లిప్’ అంటారు, దానికి మందు లేదు. బీవర్‌కి కొవ్వు ఎక్కువ. సరిగా గీకకపోతే ఆ కొవ్వే తోలును మాడ్చేస్తుంది, కుట్టేటప్పుడు సూది దగ్గర చిరిగిపోతుంది.

అసలు టెన్షన్ పెట్టింది ఆటర్. ఇక్కడ ఆటర్, బాబ్‌క్యాట్ తోళ్లు డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) దగ్గర రిజిస్టర్ చేయించి ట్యాగ్ వేయించాలి. రెండూ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. బీవర్‌కి ఆ గొడవ లేదు. ట్యాగ్ ఏదని అడిగితే ‘ట్యానింగ్‌లో తీసేశారు’ అన్నాడు. తీసేస్తే నంబర్ ఉండాలి కదా, కాగితం ఉండాలి కదా? రెండూ లేవు. ఒక రాష్ట్రం చట్టాన్ని మీరి పట్టిన జంతువు తోలు ఇంకో రాష్ట్రానికి అమ్మితే లేసీ చట్టం కిందికి వస్తుంది. 1900 నుంచి ఉన్న ఫెడరల్ చట్టం అది. నేను డీఎన్ఆర్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి, బిల్లు, మెసేజ్‌లతో సహా తోలు అప్పగించాను. మీకు ఇలాంటిది వస్తే ఇంట్లో ఉంచుకోకండి, ఇంకొకరికి అమ్మకండి.

కెనడా నుంచి తెప్పించుకునేవాళ్లు ఇంకాస్త చూసుకోవాలి. బీవర్ అయినా సరే, పార్శిల్‌లో అమెరికాకి వస్తే వన్యప్రాణి సరుకుల కోసం ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చే 3-177 ఫారం డిక్లరేషన్ ఉంటుంది. ఆటర్‌కి దానిపైన కెనడా ఎగుమతి పర్మిట్ కూడా కావాలి. ‘నేను పంపిస్తాగా, మీకెందుకు’ అనేవాడి దగ్గర కొనొద్దు. ఇండియాకి బహుమతిగా తీసుకెళ్దామనుకునేవాళ్లకి ఒక మాట: 2017 జనవరి నుంచి మింక్, నక్క, చించిల్లా బొచ్చుతోళ్ల దిగుమతిని ఇండియా నిషేధించింది. ఇక ఆటర్ అంటే మన నీటికుక్క కుటుంబమే. కోరింగ మడ అడవుల్లో ఉండేవాటికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. దాని తోలు సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగితే ఏం చెప్పుకుంటారు?

పార్శిల్‌లో ‘ఫ్రీ గిఫ్ట్’ అని క్యాస్టర్ గ్రంథుల (బీవర్ తోక దగ్గరి వాసన గ్రంథులు) కవర్ కూడా పెట్టాడు. అది కారి తోళ్లన్నిటికీ ఆ ఘాటు పట్టింది. పర్ఫ్యూమ్ వాళ్లు కొనేది ఎండబెట్టిన సరుకు, ఇలా కారేది కాదు. మాంసం కూడా పంపుతానన్నాడు, వద్దన్నాను. బీవర్ మాంసం చాలామంది ఇష్టంగా తింటారు, తప్పేం లేదు. కానీ బీవర్ల నుంచి టులరీమియా అనే బాక్టీరియా జబ్బు సోకే అవకాశం ఉంది. ఎవరు కోశారో, ఎంతసేపు బయట ఉంచారో తెలియని మాంసం పోస్టులో తెప్పించుకోవద్దు. తెలిసిన ట్రాపర్ ఇచ్చినా చేతికి గ్లోవ్స్ వేసుకుని కోయండి, బాగా ఉడికించండి.

డబ్బు సంగతి: కార్డుతో కట్టాను కాబట్టి కొలతటేపు పెట్టి తీసిన ఫోటోలు, ఊదిన వీడియో, ప్రకటన స్క్రీన్‌షాట్ జతచేసి బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. బీవర్ల డబ్బు తిరిగి వచ్చింది, ఆటర్‌ది ఇంకా తేలలేదు. అతను మొదట అడిగింది మాత్రం యాప్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపమని. అలా పంపి ఉంటే ఒక్క డాలర్ కూడా వచ్చేది కాదు. అవే ఫోటోలతో పోయిన వారం ఇంకో పేరు మీద ప్రకటన కనబడింది: నీలం టార్పాలిన్ మీద పరిచిన మూడు తోళ్లు, కుడివైపు దానికి తోక దగ్గర కుట్టు.