హిప్‌హాప్: ఇరవై రెండేళ్ల వాడకం తర్వాత

సంగీతాన్ని మిక్సీనో మోటారు సైకిలునో సమీక్షించినట్టు సమీక్షించవచ్చునా అని ఎవరికైనా సందేహం రావచ్చు. నా వరకు హిప్‌హాప్ అచ్చంగా ఒక వాడుక వస్తువే. 2003లో, కావలిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతుండగా మొదలైన వాడకం అది. ఇన్నేళ్లు నా దగ్గర నిలిచిన వస్తువు చేతి గడియారం కూడా లేదు. ప్రస్తుతం నేను రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. అల్లూరు, విడవలూరు వైపు చెరువుగట్లపై తిరుగుతూ రోజుకు మూడు నాలుగు గంటలు చెవుల్లో పాట పెట్టుకొని గడిపినవాణ్ని. గత నాలుగేళ్లుగా ఆ గంటల్లో హిప్‌హాప్ వాటా బాగా పడిపోయింది. దాదాపు అదే కాలంలో, అది పుట్టిన అమెరికాలోనే దానికి ఆదరణ తగ్గుతున్నదన్న వార్తలు కూడా వచ్చాయి. తగ్గింది సరుకు నాణ్యతా, లేక వాడేవాడి వయసు పెరిగిందా అన్నది తేల్చుకుందామని ఈ సమీక్షకు పూనుకున్నాను.

మొదటి సరుకు నలభై రూపాయల ఎంపీత్రీ డిస్కు. కావలి బస్టాండు దగ్గరి నెట్ సెంటరులో రాయించుకున్న ఆ డిస్కులో నూట యాభై పాటలుండేవి; వాటిలో సగానికి పేర్లు తప్పు, కొన్నింటికి పాడినవారి పేర్లూ తప్పు. అందులో అమెరికా గాయకుడు ఎమినెమ్ పాట ఒకటుంది. మరుసటి ఏడాదికి గాని ఆ పాట ఆస్కార్ గెలిచినదని, ఆ బహుమతి అందుకొన్న తొలి ర్యాప్ (హిప్‌హాప్‌లో లయకు తగ్గట్టు మాటలు పలికే పద్ధతి) పాట అదేనని నాకు తెలియదు. తెలుగు మాధ్యమంలో చదువుకున్న నాకు అందులో నాలుగు ముక్కలు కూడా అర్థం కాలేదు. అయినా ఒక మనిషి ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక లేనంత కోపంగా ఏదో చెబుతున్నాడని మాత్రం అర్థమైంది. పేజీకి రెండు రూపాయలిచ్చి సాహిత్యం ప్రింటు తీయించుకొని, పక్కన నిఘంటువు పెట్టుకొని, ఆరు నెలల పాటు ఆ ఒక్క డిస్కునే అరగదీశాను. నాకు ఇంగ్లీషు నేర్పింది ఆ కాగితాలే. మా అమ్మ మాత్రం గది ముందు నిలబడి, "ఏందయ్యా ఆ గొణుగుడు, ఎవుర్నో తిడతన్నట్టుండాది" అనేది. తిడుతున్నాడని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఈ వస్తువు తయారీ గురించి కొంత చెప్పుకోవాలి. 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520వ నంబరు భవనంలో, బడులు తెరిచే ముందు ఒక అమ్మాయి ఏర్పాటు చేసిన విందులో ఆమె అన్న కూల్ హెర్క్ రికార్డులు వేశాడు. పాటలో గాయకుడు ఆగి డప్పులు మాత్రమే మోగే కొద్ది క్షణాల భాగానికే జనం ఎక్కువగా చిందులు వేస్తున్నారని గమనించి, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు ప్లేయర్లపై పెట్టి ఆ ముక్కనే సాగదీసే పద్ధతిని అతడు పెంచి పోషించాడు. హిప్‌హాప్ పుట్టుకగా చరిత్ర లెక్కవేసేది ఆ రాత్రినే. తర్వాత 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ పాటతో అది రేడియోకెక్కింది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం పేదవాడల బతుకును పాటలో పెట్టాక అది కబురు చెప్పే సాధనం కూడా అయింది. వాయిద్యాలు కొనలేని చోట, పాఠశాలల్లో సంగీతం నేర్పే ఖర్చు కోసివేసిన కాలంలో, ఇంట్లో ఉన్న రికార్డు ప్లేయరే వాయిద్యమైందన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది.

నన్ను ఇన్నేళ్లు కట్టిపడేసింది దాని డప్పు కాదు, దాని ఛందస్సు. డిగ్రీలో తెలుగు లెక్చరరుగారు రగడ అనే పద్యరీతి గురించి పాఠం చెబుతున్నప్పుడు నాకు మెలకువ వచ్చినట్టయింది. మాత్రాగణాల నడక, ప్రతి రెండు పాదాలకు తప్పనిసరి అయిన అంత్యప్రాస, చదువుతుంటే కాలు దానంతటదే నేలపై పడటం, ఇవన్నీ నేను ముందు రోజు రాత్రి విన్నవే. వృషభగతి రగడలో మూడూ నాలుగూ మాత్రల గణాలు జంటగా నడుస్తాయి. హయప్రచారంలో గుర్రం పరుగులా మూడేసి మాత్రలు. పదేళ్ల తరువాత అట్లాంటా కుర్రాళ్లు ప్రతి పాదాన్నీ మూడేసి అక్షరాలుగా విరిచి పాడటం మొదలుపెట్టినప్పుడు, అమెరికా విలేకరులు దానినొక వింతగా రాశారు గాని, తిశ్రగతి, అంటే మూడేసి మాత్రల నడక, తెలిసిన మృదంగ విద్యార్థికి అందులో వింత కనబడదు. అంతమాత్రాన "ఇదంతా మనకు ఎప్పుడో ఉన్నదే" అని మీసం తిప్పేవారితో నేను ఏకీభవించను. రగడ రాసినవాడికి రాజాస్థానం ఉంది. బ్రాంక్స్ కుర్రవాడికి కాలిపోయిన మేడల మధ్య వీధి మాత్రమే ఉంది. నడక కలిసినంత మాత్రాన పుట్టుక కలవదు.

వాడకానికి ఉచ్చస్థితి నాకూ దానికీ ఒకేసారి వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక చెరువుగట్టుపై కూడా ఏ పాట కావాలంటే ఆ పాట దొరికింది. 2017లో అమెరికాలో నీల్సన్ సంస్థ లెక్కల ప్రకారం హిప్‌హాప్, ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) కలిపిన విభాగం రాక్ సంగీతాన్ని దాటి మొదటి స్థానానికి చేరింది. 2018లో కెండ్రిక్ లమార్ ఆల్బంకు పులిట్జర్ బహుమతి వచ్చింది. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు వెలుపల ఆ బహుమతి పొందిన తొలి ఆల్బం అదే. నేను మాత్రం ఆ రెండేళ్లలోనే ఒక విషయం కోల్పోయాను. డిస్కు రోజుల్లో నచ్చని పాటకు కూడా పదిసార్లు అవకాశం దక్కేది, ఎందుకంటే వేరే పాట లేదు. అంతా చేతికందాక ఇరవై సెకన్లలో పాటను తోసేయడం అలవాటయింది. ముప్పై సెకన్లు విన్నాక గాని స్పాటిఫై ఒక వినికిడిగా లెక్కించదు గనుక, నా చేతిలో ఎందరో కళాకారులు లెక్కలోకే రాకుండా పోయి ఉంటారు.

ఇక ఫిర్యాదుల సంగతి. 2021 ప్రాంతం నుంచి కొత్త పాటలు నాకు రుచించడం మానేశాయి. మాటలు ముద్దగా వినిపించాయి, డప్పు పలచబడినట్టనిపించింది, పాటలు రెండు నిమిషాలకే ముగిసిపోయాయి. ఇందులో కొన్నింటికి నిజమైన కారణాలున్నాయి. పాత రికార్డుల ముక్కలను డజన్ల కొద్దీ అతికి పాట కట్టే పద్ధతి, 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ కేసులో న్యూయార్కు న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తరువాత బాగా ఖరీదైనదైపోయింది. ప్రతి ముక్కకూ అనుమతి, ప్రతి అనుమతికీ డబ్బు. ఆ చిక్కదనం తగ్గిన చోటికి 1980లో రోలండ్ సంస్థ తెచ్చిన 808 డ్రమ్ము యంత్రపు గంభీరమైన శబ్దం క్రమంగా వచ్చి చేరింది. వినికిడుల సంఖ్యను బట్టి డబ్బు వచ్చే కాలంలో పాట పొట్టిదవడంలోనూ ఆశ్చర్యం లేదు. ఇవన్నీ కూడగట్టుకొని, ఈ సంగీతం చెడిపోయిందని రెండేళ్ల పాటు కనబడ్డ ప్రతి మిత్రుడికీ తీర్పు వినిపించాను.

తరువాత ఒకనాడు నెల్లూరులో చెవి పరీక్ష చేయించుకోవలసి వచ్చింది. డాక్టరుగారు చూపించిన పటంలో గీత నేరుగా వచ్చి 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడ్డట్టు దిగిపోయి, మళ్లీ పైకి లేచింది. ఏళ్ల తరబడి పెద్ద శబ్దాల దగ్గర పనిచేసినవారికి చెవి మొదట దెబ్బతినేది అక్కడేనట. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు, వాటి పక్కన జనరేటరు, వాటిని మించి వినబడాలని చెవిలో నేను పెంచుకున్న శబ్దం, మూడింటికీ నేనే బాధ్యుణ్ని. స, ఫ వంటి హల్లుల స్పష్టత ఆధారపడేది ఆ ఎగువ శబ్దాల మీదనే. హల్లు పోతే ర్యాప్‌లో మిగిలేది ముద్దే.

మా ల్యాబులో కొత్తగా చేరిన కుర్రవాడికి నేను మొదట నేర్పే పాఠం, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరును కాలిబ్రేషన్ చేయకుండా, అంటే దాని కొలత సరైనదో కాదో సరిచూడకుండా, చెరువులో ఆక్సిజన్ తగ్గిందని రైతుకు చెప్పవద్దని. ఆ పాఠం నాకే వర్తిస్తుందని తోచలేదు. మంచి ఇయర్‌ఫోన్లు కొని, శబ్దం తగ్గించి, ఇంట్లో తలుపులు వేసుకొని, నేను తిట్టిపోసిన పాటలను మళ్లీ విన్నాను. దాదాపు సగం పాటలు శుభ్రంగా ఉన్నాయి. మాటలున్నాయి, చమత్కారం ఉంది. మిగతా సగం అప్పుడూ ముద్దే, ఇప్పుడూ ముద్దే. అంతకంటే నన్ను కలవరపెట్టిన విషయం మరొకటుంది. 2003 నాటి పాటలు ఇన్నాళ్లూ నాకు స్పష్టంగా వినబడింది చెవి వల్ల కాదు, అవి కంఠస్థం కావడం వల్ల. వినబడని హల్లును జ్ఞాపకం పూరిస్తూ వచ్చింది. కొత్త పాటకు ఆ సాయం లేదు.

ఈ గుణపాఠంతో వార్తల వైపు చూస్తే అక్కడా కొలత సమస్యే కనబడింది. 2023లో తొలి ఆరు నెలలు గడిచినా అమెరికా ఆల్బంల పట్టికలో ఒక్క ర్యాప్ ఆల్బమూ మొదటి స్థానానికి రాలేదు. జులైలో లిల్ ఊజీ వర్ట్ ఆల్బంతో గాని ఆ లోటు తీరలేదు. 2025 అక్టోబరు 25 నాటి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి నలభై పాటల్లో ఒక్క ర్యాప్ పాటా లేదు. 1990 ఫిబ్రవరి తరువాత అలా జరగడం అదే మొదటిసారి. ఆ వార్త చూసి సంతాపాలు రాసినవారు చాలామంది. కాని ఎక్కువ వారాలుండి దిగజారుతున్న పాటలను పట్టిక నుంచి త్వరగా తొలగించే కొత్త నిబంధన ఆ వారమే అమలైంది. అంతకుముందు పదమూడు వారాలు మొదటి స్థానంలో నిలిచిన కెండ్రిక్, సిజా పాట ఆ నిబంధన వల్లనే తప్పుకొంది. ఆదరణ తగ్గిన మాట అబద్ధమని నేననడం లేదు. మీటరు మార్చిన రోజునే చెరువు ఎండిందని ప్రకటించవద్దంటున్నాను. 2024లో పంతొమ్మిది వారాలు అగ్రస్థానంలో నిలిచిన షబూజీ పాడిన కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాటకు పల్లవి 2004 నాటి ఒక ర్యాప్ పాటలోనిది. అటువంటి దాన్ని ఏ ఖాతాలో రాయాలి?

ఒంగోలులో ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడికి ఈ ఖాతాల బెడదే లేదు. వాడు కేరళ మూలాలున్న హనుమాన్‌కైండ్ పాటను వంద సార్లు వింటాడు, వెంటనే ఒక సినిమా పాట, ఆ వెంటనే కొరియా పాట. అందులో హిప్‌హాప్ ఏది అని అడిగితే వాడికి ప్రశ్నే అర్థం కాలేదు. నాకు ప్రాణమైన ఒక ఆల్బం వినిపిస్తే, పూర్తిగా విని, మర్యాదగానే, "మామా, ఇందులో పాట యాడుంది, అంతా ఉపన్యాసమే గదా" అన్నాడు. మా అమ్మ మాటే ఒక తరం దాటి తిరిగొచ్చింది. ఉడుక్కున్నాను గాని, వాడి వయసులో నేను మా నాన్న క్యాసెట్ల గురించి ఇంతకంటే కఠినంగా మాట్లాడాను.

వయసు విషయానికి వస్తే, సేథ్ స్టీఫెన్స్ డేవిడోవిట్జ్ అనే ఆర్థికవేత్త 2018లో స్పాటిఫై సమాచారాన్ని పరిశీలించి, మగవారికి పెద్దయ్యాక ఎక్కువగా నచ్చేవి తమకు పదమూడు, పదహారేళ్ల మధ్య విడుదలైన పాటలేనని రాశాడు. నాకు పద్నాలుగు నిండేసరికి హిప్‌హాప్ పేరే తెలియదు. అప్పుడు ఇంట్లో మోగినవి బాలసుబ్రహ్మణ్యం గారి పాటలు. ఇప్పుడు నేను తిరిగి చేరింది అక్కడికే. ఆ లెక్క నా విషయంలో నిజమైనందుకు కొంచెం చిన్నతనంగా కూడా ఉంది. కాని తిరిగి చేరిన చెవి వెళ్లిన చెవి కాదు. బాలసుబ్రహ్మణ్యం గారి తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు. ఆ సంగతి తెలిశాక హరికథలు వినడం మొదలుపెట్టాను. ఒక్క మనిషి చిడతలతో గజ్జెలతో నిలబడి, పాట నుంచి మాటకు, మాట నుంచి ముందు వరుసలోని పెద్దమనిషిపై విసురుకు జారిపోతూ రెండు గంటలు జనాన్ని పట్టి ఉంచడం నాకు పరిచయమున్న విద్యే. చిన్నప్పుడు తిరునాళ్లలో నిద్రపోయిన రాయబారం ఘట్టాన్ని ఇప్పుడు మేలుకొని వింటున్నాను. రాగం తీయడం మొదలుపెట్టగానే ఇప్పటికీ విసుగే, మాటకు మాట తగిలే చోట మాత్రం కదలలేను. ఆ చెవి పెట్టింది హిప్‌హాప్.

ఎవరికి పనికివస్తుందంటే, పదహారు నుంచి ఇరవై ఐదేళ్ల లోపు, భాష మీద ఆకలీ లోకం మీద కోపమూ ఉన్నవారికి నిస్సంకోచంగా చెబుతాను. పిల్లలున్న ఇంట్లో స్పీకరు మీద వాడవద్దు. అందులోని బూతు, ఆడవారి పట్ల చులకన, రెండూ నేను ఇరవై ఏళ్లప్పుడు చూసీ చూడనట్టు వదిలేసినవి, ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా ఇప్పుడు వదలలేకపోతున్నాను. నాకు నచ్చిన ఆల్బంలలో మూడు ఈ ఒక్క కారణంతోనే ఫోనులోంచి పోయాయి. నలభైకి దగ్గరపడ్డాక కొత్తగా మొదలుపెట్టేవారికి అంత తేలికగా పట్టుబడదు. మార్కులు వేయమంటే మొదటి పదేళ్ల వాడకానికి ఐదుకు ఐదు, ఇప్పటికి మూడు.

నాలుగు వేల పైచిలుకు పాటల్లో ఇప్పుడు నా దగ్గర మిగిలినవి పదకొండు ఆల్బంలు. వాటిలో ఎక్కువ వాడేది 1994 నాటి నాస్ తొలి ఆల్బం. పది భాగాలు, నలభై నిమిషాలు, రాత్రి చెరువుల మీద ఒక చుట్టు తిరిగి రావడానికి సరిగ్గా సరిపోతుంది. డాక్టరుగారి మాట ప్రకారం శబ్దం సగానికి మించనివ్వడం లేదు. ఇయర్‌ఫోను కూడా ఎడమ చెవికి ఒక్కదానికే పెట్టుకుంటున్నాను. తెల్లవారుజామున ఏరేటరు ఆగిపోతే ముందుగా తెలియాల్సింది కుడి చెవికే.